మేక తిన్న పిజ్జా మచ్చు

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు నేరుగా బస్సెక్కితే గంటన్నర. నాకు రెండు రోజులు పట్టింది. నడిగూడెం, కోదాడ, నేరేడుచర్ల చుట్టుకుని పోయాను. ఈ దారిలో చూడదగ్గవి చాలా ఉన్నాయని అంటారు. నేనేవీ చూడలేదు. ఒక పిజ్జా మీద ఎవరి పేరు ఉండాలో తేల్చుకోవడానికి పోయాను. ఆ పని మీద ఈ దారిన నాకంటే ముందు ఎవరూ పోయి ఉండరు కనుక రాస్తున్నాను.

మాది సూర్యాపేటలో ధాన్యం కొట్టు. మా మరిదికి మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. ఆయన కొడుకు శ్రావణ్ మిల్లు పని నాకొద్దని మిల్లు ముందర గదిలోనే పిజ్జా దుకాణం పెట్టాడు. ఆదివారం ప్రారంభం. గురువారం పొద్దున ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెనూ బోర్డు నమూనా పంపాడు. మూడో వరుసలో "కోదాడ అత్త చింతచిగురు పిజ్జా" అని ఉంది.

కోదాడ అత్త అంటే నా ఆడబిడ్డ సుగుణ. చింతచిగురు పిజ్జా అంటే నాది.

వెంటనే ఫోన్ చేశాను. శ్రావణ్ మెల్లగా మాట్లాడాడు. దుకాణం పెట్టేవాళ్ళకు ఆ మాత్రం ఓపిక ఉండాలి.

"పెద్దమ్మా, నేను కోదాడల తిన్న, మంచిగనిపించింది, అత్త పేరు పెట్టిన. గంతే. నువ్వు లొల్లి పెట్టకు. శనివారం సాయంత్రం ఆరింటికి ఫ్లెక్స్ ప్రింటుకు పోతది. అప్పటిలోపల మీరిద్దరు మాట్లాడుకొని ఏ పేరు చెప్తే గా పేరు పెడ్త."

లొల్లి పెట్టకు అన్నాడు. వాడి పుట్టువెంట్రుకలప్పుడు నా ఒళ్ళో కూర్చుని నా కొత్త చీర పాడు చేసినవాడు.

మచ్చు

నిరుడు వేసవిలో సుగుణ మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పిజ్జాను మొదటిసారి చేశాను. మూడు ముక్కలు తిన్నది. మూడో ముక్క నోట్లో ఉండగానే, "కాస్త పులుపైంది వదినా" అన్నది. మొదటి ముక్కకు అనలేదు. రెండో ముక్కకు అనలేదు.

ధాన్యం వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. బేరం కుదిరినప్పుడు బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి పొట్లం కట్టి, చీటీ మీద ఇద్దరి సంతకాలు పెట్టించి దాచుతారు. దాన్ని మచ్చు అంటారు. లారీ దిగాక సరుకు అది కాదు, ఇది కాదు అని ఎవరన్నా పేచీ పెడితే పొట్లం విప్పి పక్కన పెట్టి చూస్తారు. నోటి మాటకు విలువ లేదు, మచ్చుకే విలువ. నేను అలాంటి ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. పిజ్జాకు కూడా అదే చేశాను. మిగిలిన ముక్కను పాలిథిన్ కవరులో పెట్టి, చీటీ మీద "చింతచిగురు పిజ్జా, మచ్చు" అని రాసి, సుగుణ చేత సంతకం పెట్టించి ఫ్రీజర్‌లో పెట్టాను. అది నవ్వుకుంటూ పెట్టింది. నవ్విన సంగతి కూడా నేను మర్చిపోలేదు.

ఏడాదిగా ఆ ముక్క మా ఫ్రీజర్‌లో ఉంది. కరెంటు పోయినప్పుడల్లా తడి గుడ్డ చుట్టి కాపాడాను. "గా ముక్క పారేయరాదు, ఐస్ పెట్టుకుందామంటే జాగ లేదు" అని మా ఆయన వంద సార్లు అన్నాడు.

ఇప్పుడు దాని రోజు వచ్చింది. మందుల దుకాణంలో అడిగి ఇన్సులిన్ వచ్చే థర్మకోల్ పెట్టె తెచ్చాను. ఐసు ముక్కలు పోసి మధ్యలో మచ్చు పెట్టాను.

"ఫోన్ల మాట్లాడితే ఒడవదా?" అన్నాడు మా ఆయన.

"ఫోన్ల మచ్చు ఎట్ల సూపిస్త?"

ఆయనే పెట్టె మూత గట్టిగా నొక్కి ఇచ్చాడు. వ్యాపారి కదా.

సూర్యాపేట

శుక్రవారం బస్సుకు ముందు మా ఊళ్ళోని ఒక పిజ్జా దుకాణంలో తిని బయలుదేరాను. మూడు ఊళ్ళనూ పోల్చాలంటే ముందు సొంత ఊరు తినాలి.

పిజ్జాలో నాకు నచ్చేవి, నచ్చనివి ఇక్కడే చెప్పేస్తాను. రొట్టె పలుచగా ఉండాలి. అంచు విరిస్తే చప్పుడు రావాలి. చీజ్ కనపడాలి గానీ తాడులా సాగి గడ్డానికి అంటుకోకూడదు. తీపి మొక్కజొన్న గింజలు కోళ్ళు తింటే సరిపోతుంది. కాప్సికం విషయంలో నేను ఎవరి మాటా వినను. పచ్చి వాసన, పచ్చి రంగు, పచ్చి మొండితనం. అది మిరపకాయల ఇంట్లో పుట్టి కారం లేకుండా బతుకుతున్నది.

కాప్సికం వద్దని రెండుసార్లు చెప్పాను. వచ్చింది. నూట ఎనభై రూపాయలు, అరచేయి కంటే కాస్త పెద్దది, ఆరు కాప్సికం ముక్కలు.

"కాప్సికం వద్దన్న గద."

"సారీ ఆంటీ, తీసేస్త" అని ఆ పిల్లగాడు నా ముందరే చేత్తో ఆరు ముక్కలూ ఏరి, అక్కడే ఇంకొకరి పిజ్జా మీద పెట్టాడు. ఆ ఇంకొకాయన నా వైపు చూసి తల ఊపాడు, థాంక్స్ అన్నట్టు. గుంటలు పడిన పిజ్జా తిని బస్సెక్కాను. ఆ దుకాణం ముందు నుంచి నేను కూరగాయలకు పోవాలి. ఇక వేరే దారిన పోతాను.

నడిగూడెం

నడిగూడెంలో దిగడానికి కారణం ఉంది. మచ్చు పాతది, పక్కన పోల్చి చూపడానికి తాజా చిగురుతో ఒకటి చేయాలి. బజారులో చింతచిగురు ఈ కాలంలో గుప్పెడు యాభై, అందులో సగం పుల్లలు. మా కొట్టుకు వడ్లు తెచ్చే లింగయ్య ఇంటి వెనక చింత చెట్లున్నాయని తెలుసు. లింగయ్య వాళ్ళకు గొర్రెలు, వాటిలో నాలుగైదు మేకలు.

హైవే మీద బస్సు దిగి ఆటో పట్టుకుని పోయేసరికి ఎండ మాడిపోతున్నది. లింగయ్య భార్య ముత్తమ్మ నులక మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది. గొర్రె పాల మజ్జిగ కాదు కదా అని అడిగాను. "గొర్రె పాలు గొర్రె పిల్లలు తాగుతయ్ సేటమ్మా, మీకు బర్రెవి" అన్నది.

చింతచిగురు పిజ్జా మీద వేస్తానంటే ముత్తమ్మ నమ్మలేదు. అందుకని చేసే విధం చెప్పాను. మీకూ చెబుతాను. రెండు పాళ్ళు గోధుమ పిండి, ఒక పాలు జొన్న పిండి, పెరుగు, చిటికెడు తినే సోడా, ఉప్పు వేసి కలిపి రెండు గంటలు పక్కన పెట్టాలి. జొన్న పిండి ఉంటేనే అంచు విరుగుతుంది. పలుచగా ఒత్తి మందపాటి ఇనప పెనం మీద ఒక వైపు కాల్చి తిప్పాలి. కాలిన వైపు టమాట, పండుమిర్చి కలిపి నూరిన ముద్ద పూయాలి. చిగురును అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఏరి, పచ్చిదే చల్లాలి. ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేసి, పైన తురిమిన చీజ్ వేసి, మూత పెట్టి సన్న మంట మీద ఉంచాలి. మూత మీది నీళ్ళు లోపలికి కారకూడదు. ఇంకో చిన్న వస్తువు కూడా వేస్తాను, దాని సంగతి తరువాత.

"గింత కష్టం ఎందుకు, పప్పుల ఏస్తే అయిపాయె" అన్నది ముత్తమ్మ.

లింగయ్య చిగురు కోసుకొచ్చాడు. ఆయన మొహం మాత్రం గంటు పెట్టుకుని ఉంది. అడిగితే చెప్పాడు.

"ఏం లేదు సేటమ్మా. పోయిన పంటకు నేను వడ్లు తెస్తే మీ సేటు మచ్చు తీసి నోట్లె ఏసుకొని కొరికి, పది మంది ముందర తుపుక్కున ఉమ్మేసిండు."

"గింజ కొరికి సూసేది గట్లనే గద లింగయ్యా. మింగుతరా?"

"మింగకపోతే మాయె. జర పక్కకు తిరిగి ఉమ్మొచ్చు గద. నేను ఆరు నెలలు ఎండల పండించింది."

ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. పోయిన పంట సంగతిని ఇంత శుభ్రంగా గుర్తు పెట్టుకున్నవాళ్ళు మా బంధువుల్లో కూడా లేరు. మా ఆయనకు చెబుతానని మాట ఇచ్చాను.

ఆ మాటల్లో పడి ఒక తప్పు చేశాను. పెట్టెలో ఐసు కరిగిందేమోనని మచ్చు బయటకు తీసి మంచం మీద పెట్టి, నీళ్ళు వంపడానికి గిన్నెలు తోమే జాలారు దగ్గరకు పోయాను. తిరిగి వచ్చేసరికి ఒక నల్ల మేక ముందు కాళ్ళు మంచం మీద పెట్టి నములుతున్నది.

లింగయ్య ఉరికి దాని నోట్లోంచి పాలిథిన్ కవరు గుంజాడు. కవరు ఖాళీగా వచ్చింది. చీటీ? చీటీ కూడా పోయింది. సుగుణ సంతకం చివరి 'ణ' ఒక్కటి మేక పెదవి మీద అంటుకుని ఉంది. చూస్తుండగానే నాలుకతో దాన్ని కూడా లోపలికి తీసుకుంది.

ఏడాది కాపాడిన మచ్చు. నేను మంచం మీద కూలబడ్డాను. ముత్తమ్మ మేకను కట్టెతో అదిలిస్తున్నది. లింగయ్య కాసేపు మేకను, కాసేపు నన్ను చూసి, తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు.

"ఒక్క మాట సెప్త, ఏమనుకోకు సేటమ్మా. మా మేక ఉమ్మలే సూడు."

ఆ మాటకు కోపం రావాలి. రాలేదు. ఒక విధంగా అది తీర్పే. నా పిజ్జాను ఏ ఒత్తిడీ లేకుండా, ఎవరి పక్షమూ లేకుండా తిన్న మొదటి ప్రాణి అది. చిగురు మూట కట్టుకుని కోదాడ ఆటో ఎక్కాను.

కోదాడ

కోదాడలో మాట తీరు మారుతుంది. మనం "ఏం సంగతి" అంటే వాళ్ళు "ఏంటి విశేషాలు" అంటారు. అవతలి పక్క ఆంధ్రా దగ్గర కదా. మర్యాద కాస్త ఎక్కువ, అందుకని అవమానాన్ని కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టి చేస్తారు.

"రా వదినా, ఎండన పడి వచ్చావు. ముందు కాళ్ళు కడుక్కో" అన్నది సుగుణ.

"కాళ్ళు తర్వాత. నీ పేరు బోర్డు ఎక్కిందంట."

"నేనేమన్నా ఎక్కించమన్నానా? వాడు తిన్నాడు, రాసుకున్నాడు."

"నాది అని ఎందుకు సెప్పలే?"

"వాడు అడగలేదు."

ఇలాంటి జవాబులు మా అత్తగారు చెప్పేది. పోలిక ఎక్కడికి పోతుంది.

సాయంత్రం వంట నేను చేస్తానంటే వద్దని, బస్టాండు దగ్గర ఒక దుకాణానికి తీసుకుపోయింది. అక్కడ రెండు వందల పది. మా ఊరికంటే ముప్పై ఎక్కువ, మందం కూడా ఎక్కువ, మెత్తగా దిండులా ఉంది. పైన అడగకుండానే తెల్లటి మయొనైజ్ ముగ్గు వేసినట్టు పోశారు. సుగుణకు అదే ఇష్టం. కాప్సికం కూడా ఇష్టం. మొక్కజొన్న గింజలు ఒక్కొక్కటే ఏరుకుని ముందు తింటుంది. దుకాణంలో రొట్టెలు కొనుక్కొచ్చి, చిగురును నూనెలో వేయించి, వీటన్నిటి మధ్య ఇరికించి, దాన్ని శ్రావణ్‌కు పెట్టిందట. నా పిజ్జాకు అన్ని వేషాలు వేసి పంపింది.

"దాని మీద నీ పేరెట్ల పెట్టుకుంటవ్? నిరుడు పులుపైందన్నది నువ్వే గద. నచ్చని దాన్ని ఎత్తుకపోతవా?"

సుగుణ తాపీగా మయొనైజ్ నాకింది.

"పులుపైందన్నాను. అని ఊరుకున్నానా? కాస్త బెల్లం తురిమి వెయ్యి వదినా అని ఎవరు చెప్పారు?"

ఇక్కడ ఒక విషయం రాసి తీరాలి. నేను ఇప్పుడు టమాట ముద్దలో బఠాణీ గింజంత బెల్లం వేస్తున్నాను. పైన చెప్పని చిన్న వస్తువు అదే. నిరుటి పిజ్జాలో అది లేదు. సుగుణ కోదాడకు తిరిగి పోయిన తరువాత వారం నుంచి వేస్తున్నాను. అయితే ఆ ఆలోచన నాకు ముందే ఉంది. ఆమె అనడం, నాకు తట్టడం ఒకే రోజు జరిగాయి, అంతే.

"ఇంతకీ మచ్చు ఏదీ? తెస్తున్నావని అన్నయ్య ఫోన్ చేశాడు. తియ్యి, రుచి చూద్దాం. అందులో బెల్లం లేదుగా. పులుపో కాదో శ్రావణ్ కూడా చూస్తాడు."

అప్పుడు నాకు అర్థమైంది. ఏడాది పాటు తడి గుడ్డ చుట్టి నేను కాపాడింది సుగుణ సాక్ష్యాన్ని. అది మిర్యాలగూడ చేరి ఉంటే పులుపైందని అందరి ముందర తేలిపోయేది. బెల్లం గొప్పతనం సుగుణకు పోయేది.

"మేక తిన్నది" అన్నాను.

"ఏ మేక?"

"లింగయ్యది. నల్లది."

సుగుణ చేతిలోని ముక్క కింద పెట్టి, రుమాలుతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. "ఆ మేకకు ఓ దండం పెట్టుకో వదినా" అన్నది. పెట్టుకోలేదు. ఎవరి సాయమూ ఉంచుకునే అలవాటు నాకు లేదు. కానీ లింగయ్య ఇంటికి ఈసారి పోయినప్పుడు ఆ మేకకు కట్ట ఆకు పట్టుకుపోదామని మాత్రం మనసులో అనుకున్నాను.

పేరు సంగతి తేలలేదు. ఇద్దరం కలిసి శ్రావణ్ దగ్గరకే పోదామని నిర్ణయించాము. ఆ నిర్ణయం కూడా నాదే.

నేరేడుచర్ల ఆటో

శనివారం మధ్యాహ్నం హుజూర్‌నగర్ దాకా బస్సులో వేరు వేరు సీట్లలో కూర్చున్నాము. అక్కడి నుంచి నేరేడుచర్ల, నేరేడుచర్లలో షేర్ ఆటో. దారి రెండు వైపులా కోసిన వరి మళ్ళు, మిల్లుల పొగ గొట్టాలు. ఆటోలో పదకొండు మందిమి. సుగుణకు, నాకు మధ్య ఒక ముసలమ్మ ఇరుక్కుని కూర్చుంది. ఒళ్ళో విత్తనాల సంచి. నా ఒళ్ళో థర్మకోల్ పెట్టె, అందులో ఇప్పుడు చిగురు, కోదాడలో కలిపి పెట్టుకున్న పిండి.

"గా పెట్టెల ఏముంది బిడ్డా, మందులా?"

చెప్పాను. మొదటి నుంచీ చెప్పాను. నేను ఆగిన చోటల్లా సుగుణ అటు నుంచి తన మాట చెప్పింది. ముసలమ్మ తల అటు ఇటు తిప్పుతూ అంతా విన్నది. ముందర కూర్చున్న వాళ్ళు కూడా వినడం మానలేదు.

"మీరు సెప్పున్రి అవ్వా, గిది ఎవరిది?" అని అడిగాను.

"నాకేం తెల్సు బిడ్డా. మా మనుమరాలు పిజ్జా తెప్పించుకొని మధ్యల మధ్యల తిని అంచులు నాకు పెడ్తది. నేను ఎన్నడు మధ్యల తినలే."

సుగుణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆ మనుమరాలి అడ్రసు కావాలనిపించింది.

"మరి అడగరాదు అవ్వా, మధ్యల పెట్టమని" అన్నది సుగుణ.

"ఎందుకడుగుత? అంచే మంచిగుంటది. చాయ్ల ముంచుకుంటే బిస్కీట్ లెక్క. గా మధ్యల జిగట జిగట ఎవలు తింటరు?"

అంచు విరిగితే చప్పుడు రావాలని నేను ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నాను. మొదటిసారి ఒక మనిషి తోడు దొరికింది. పేరు అడిగేలోపే ఆవిడ మధ్యలో దిగిపోయింది. దిగేటప్పుడు సంచి నా కాలి మీదుగా లాగింది. దాన్ని మాఫీ చేశాను.

మిర్యాలగూడ, ఆరింటికి ముందు

శ్రావణ్ దుకాణం మిల్లు గేటు పక్కనే. మిల్లులో కావలసినంత ఊక పడి ఉంటుంది కనుక పిజ్జా కాల్చే పొయ్యిని ఊకతో మండేలా కట్టించాడు. ఆ ఆలోచన బాగుంది. ఊక పొయ్యికి మంట తక్కువ, సెగ ఎక్కువ, రొట్టె అడుగు ఎర్రగా వస్తుంది. పొయ్యి దగ్గర నిలబడితే జుట్టు నిండా దుమ్ము దూగర పడుతుంది, అది వేరే సంగతి. మా ఇంట్లో పెనం మీద ఇంత సమంగా కాలదు. వాడికి ఈ మాట చెప్పలేదు. ఇక్కడ చదివితే చదవనీ.

మేము చేరేసరికి నాలుగున్నర.

"ఇద్దరు సేసి పెట్టున్రి. ఏది బాగుంటే గా పేరు" అన్నాడు శ్రావణ్.

"ఎవరు సెప్తరు బాగుందని? నువ్వు సెప్పొద్దు, నువ్వు ఆల్రెడీ అమ్ముడుపోయినవ్."

"వెంకన్న సెప్తడు."

వెంకన్న మిల్లు గుమస్తా. ముప్పై ఏళ్ళుగా లారీల మీది ధాన్యం కొరికి చూసి మంచీ చెడ్డా చెప్పేది ఆయనే. నోట్లో వేసుకుంటాడు, నాలుగు నములు నములుతాడు, పక్కకు ఉమ్మి ఒక మాట చెబుతాడు. ఆ మాటకు తిరుగు లేదు. మా ఆయన కూడా ఆయన ముందర మాట్లాడడు.

ఇద్దరం చేశాము. సుగుణ కాప్సికం కోస్తుంటే నేను అటు చూడలేదు. నేను బెల్లం తురుముతుంటే అది ఇటే చూసింది. రెండు పళ్ళేలూ తెచ్చి పెట్టాము, ఎవరిది ఏదో చెప్పలేదు. అయిదు నలభై.

వెంకన్న చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. కాప్సికం ముక్క ఉన్నది ముందు తీసుకున్నాడు. నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు. పక్కకు తిరిగి ఉమ్మాడు.

"తేమ జర ఎక్కువున్నది" అన్నాడు.

సుగుణ మొహం చిన్నబోయింది. నాది తీసుకున్నాడు. నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర లారీ డ్రైవర్ "వెంకన్నా, కాంటా కాడికి రా" అని కేక వేశాడు. వెంకన్న గబుక్కున మింగి, "ఆఁ, వస్తున్న" అని వెళ్ళిపోయాడు.

"మింగిండు" అన్నాను.

"పిలిచారు కాబట్టి మింగాడు" అన్నది సుగుణ.

"ముప్పై ఏండ్ల నుంచి లారీ డ్రైవర్లు పిలుస్తనే ఉన్నరు. ఎన్నడన్న మింగిండా?"

"నోరు నిండా ఉంటే 'ఆఁ' అని ఎలా అంటాడు వదినా? దేన్నయినా మింగాలి."

"గట్లయితే నీది కూడ మింగాలె. నీదప్పుడు ఎవరు పిలువలే, అయినా ఉమ్మిండు."

"అలవాటు."

శ్రావణ్ గోడ గడియారం వైపు, మా వైపు చూశాడు. వెంకన్నను మళ్ళీ పిలవమన్నాను. లారీ దిగేసరికి ఎనిమిదవుతుందన్నాడు. అయిదు యాభై రెండు. ప్రింటు షాపు వాడు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

"పెద్దమ్మా, అత్తా, ఏం రాయాలె? ఇగ రెండు నిమిషాలల్ల సెప్పకపోతే ఒట్టి చింతచిగురు పిజ్జా అని రాస్త."

అది ఇద్దరికీ తగలవలసిన చోట తగిలింది. ఎవరి పేరూ లేకపోవడం కంటే సుగుణ పేరు ఉండటం నయమేమోనని ఒక క్షణం నాకు అనిపించింది. ఆ క్షణంలో నోరు తెరవబోయాను. అంతకు ముందే సుగుణ నా పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని కొరికింది. అంచు చప్పుడైంది.

"వదిన పేరే పెట్టరా" అన్నది. "లేకపోతే రేపటి నుంచి మన అందరి ఫ్రిజ్‌లలో మచ్చులు పెట్టించి సంతకాలు తీసుకుంటుంది."

ఒప్పుకుంటూ కూడా ఒక పోటు పొడిచింది. అయినా ఒప్పుకుంది. "సూర్యాపేట పెద్దమ్మ చింతచిగురు పిజ్జా" అని శ్రావణ్ ఫోన్‌లో అక్షరం అక్షరం చెప్పాడు. పక్కన నిలబడి విన్నాను. సుగుణ ఆ ముక్క పూర్తి చేసి రెండోది తీసుకుంది. మూడోది తీసుకుంటుందేమో, మూడో ముక్క మీద ఏమంటుందోనని చూశాను. ఏమీ అనలేదు. నోరు మూసుకుని తిన్నది.

ఆదివారం

ఫ్లెక్స్ వచ్చింది. నా పేరు మూడో వరుసలో, కార్న్ పిజ్జా కింద. అక్షరాలు కార్న్ వాటికంటే చిన్నవి. శ్రావణ్‌తో చెప్పాను. "పేరు పొడుగున్నది పెద్దమ్మా, పట్టలే" అన్నాడు.

పదకొండింటికి కొబ్బరికాయ కొట్టి తలుపు తీశారు. మిల్లు హమాలీలకు శ్రావణ్ ఊరికే పెట్టాడు. వాళ్ళు పిజ్జాను చపాతీలా చుట్టి తిన్నారు. మంచి పద్ధతి, మీద ఉన్నది ఏదీ జారదు. వాళ్ళ తరువాత డబ్బులిచ్చి తినే మొదటి మనిషి వచ్చాడు. మఠంపల్లి వైపు సిమెంటు పని చేస్తాడట, చొక్కా మీద దుమ్ముంది. హెల్మెట్ తీయకుండానే బోర్డు చదివి, "గా పెద్దమ్మది ఇయ్యి" అన్నాడు.

నేను పొయ్యి పక్కన నిలబడ్డాను. నా జన్మలో ఇతరుల వంటకు వంక పెట్టడమే గానీ, నా వంట ముందర ఇలా నిలబడటం ఎరగను. ఆయన హెల్మెట్ అద్దం పైకెత్తి, ఒక ముక్క తిన్నాడు. రెండో ముక్క తిన్నాడు. మూడో ముక్క సగం తిని పళ్ళెం పక్కకు జరిపాడు.

"మంచిగనే ఉంది. జర పులుపైంది."

దుకాణం అంతా నా వైపు తిరిగింది. నేనేమనాలి? బోర్డు మీద ఉన్నది నేను. వంక పెట్టాలంటే నా మీదే పెట్టుకోవాలి. నా పేరు పెట్టి నా నోరు కట్టేశారని అప్పుడు తెలిసింది.

సుగుణ కొంగు దోపుకుని ముందుకు వచ్చింది.

"పులుపా? ఎక్కడ పులుపు? మూడు ముక్కలు తిన్నాక తెలిసిందా పులుపని? మొదటి ముక్కకు తెలియలేదా?"

"ఊకె అన్న అక్కా..."

"ఊరికే అంటారా? మా వదిన ఎండలో మూడు ఊళ్ళు తిరిగి చిగురు తెచ్చి చేసింది. బెల్లం కూడా వేసింది. ఆ బెల్లం..." అని ఆగి నా వైపు చూసింది. "ఆ బెల్లం కూడా మా వదిన ఆలోచనే."

ఇరవై ఎనిమిదేళ్ళలో సుగుణ పోటు పొడవకుండా నా పక్షాన అన్న మొదటి మాట అది. అబద్ధం. దాన్ని నేను దిద్దలేదు.

బదులుగా థర్మకోల్ పెట్టె తెరిచాను. శ్రావణ్ వద్దు పెద్దమ్మా, కస్టమర్ పెద్దమ్మా అంటూనే ఉన్నాడు. ఆ పెద్దమనిషి మిగిల్చిన సగం ముక్కను కవరులో పెట్టి, కూల్ డ్రింకుల డబ్బాలోంచి ఐసు అడిగి పోశాను. చీటీ రాసి పెన్ను ఆయన చేతికి ఇచ్చాను. ఏమనుకున్నాడో, హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి నిదానంగా సంతకం చేశాడు. కింద సాక్షి సంతకం సుగుణ పెట్టింది. ఈసారి నవ్వలేదు.

సాయంత్రం నేరుగా బస్సెక్కి గంటన్నరలో సూర్యాపేట చేరాను. పెట్టె ఒళ్ళోంచి దించలేదు. ఇంటికి పోగానే గింజ కొరికితే పక్కకు తిరిగి ఉమ్మమని మా ఆయనకు చెప్పాను. ఫ్రీజర్‌లో పాత చోటు ఖాళీగానే ఉంది. ఐసు ట్రే పెట్టుకోవచ్చని ఆయన అప్పటికే సంబరపడి ఉన్నాడు.

మచ్చు ఇప్పుడు అక్కడే ఉంది. ఆ సిమెంటు పెద్దమనిషి ఎప్పుడన్నా సూర్యాపేట వస్తే కొట్టుకు రావచ్చు. సుగుణను కోదాడ నుంచి పిలిపిస్తాను, పొట్లం విప్పి తేల్చుకుందాం.